షరతులన్నీ చదివే అత్తయ్య

ఏ యాప్ పెట్టుకున్నా దాని షరతులు మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివే మనిషి లోకం మొత్తంలో ఒక్కరే ఉన్నారు. ఆవిడ మా మేనత్త. వృత్తి దర్జీ. ఫోను కుట్టుమిషనుకు ఆనించి, కళ్ళజోడు ముక్కు చివరికి దింపి చదువుతుంది. అనుమానమొస్తే నేరుగా కంపెనీకే ఫోను కొడుతుంది.

ఓసారి టార్చి యాప్ వాళ్ళకి కొట్టింది, స్పీకరు పెట్టి మరీ.

"నాయనా, లైటు వెలగడానికి నా ఫోనులో ఉన్న మా వియ్యపురాలి నంబరెందుకు?"

"అది రూలండీ మేడమ్."

"ఆవిడకి కోపమొస్తే ఇల్లంతా వెలుగుతుంది, నిజమే. ఆ సంగతి నీకెవరు చెప్పారు?"

అవతలివాడు ఫోను పెట్టేశాడు. వీధంతా పడీపడీ నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఎందుకంటే అంతకుముందు ఈ వీధికి పెద్ద దిక్కుని నేను! పాత కంప్యూటర్లు విప్పి, కాల్చి, పాడుచేసి, ఎవరూ చెప్పకుండానే అంతా నేర్చుకున్నవాణ్ణి. ఇప్పుడు జనమంతా అత్తయ్య కొట్టు ముందే. ఆఖరికి మా అమ్మ కూడా!

"నన్నడగొచ్చుగా అమ్మా?"

"నువ్వు అన్నీ పెట్టేసుకోమంటావురా. మీ అత్తయ్య చదివి చెబుతుంది."

ఆ కుళ్ళు కొద్దీ గొంతు మార్చి అత్తయ్యకి ఫోను చేశాను.

"మేడమ్, మీ వివరాలన్నీ మా కంపెనీ భద్రంగా దాస్తుందండీ."

"సంతోషం బాబూ. అన్నం తిన్నావా?"

"తిన్నానండీ."

"అబద్ధం. మీ అమ్మ ఇందాకే నీకోసం వెతుక్కుంటూ వచ్చింది. ఇంటికి పో."

ఇలా కాదని, ఆర్నెల్లు కూర్చుని దర్జీల కోసం ఓ యాప్ తయారుచేశాను. కొలతల పుస్తకం అక్కర్లేదు, అన్నీ అందులోనే. ఊళ్ళో దర్జీలందరిదీ ఒకటే మాట: "మీ అత్తయ్య ఊ అంటే పెట్టుకుంటాం." నా బతుకంతా ఆవిడ తలూపు మీద ఆగింది. ఆవిడేమో నాలుగు రోజులు చదివింది. మధ్యలో వాన కబుర్లు చెప్పే ఏదో ముక్కూమొహం తెలియని యాప్‌ని ఒక్క పూటలో నమ్మేసింది. వాళ్ళు అడిగింది ఊరి పేరొక్కటేనట!

ఐదో రోజు దర్జీలందరి ముందు తేల్చింది. "నా ఫోను పాతది, సరిగ్గా ఎక్కట్లేదు. ఇంకో వారం ఆగండి."

వాళ్ళు గుమ్మం దాటగానే ఎగిరాను. "వానవాడికి ఒక పూట, సొంత మేనల్లుడికి వారమా?"

"ముందు ఇది చెప్పు. నీ భాగస్వాములెవర్రా?"

"భాగస్వాములా?"

"పదిహేడో పేజీ. కస్టమర్ల కొలతలు భాగస్వాములకి అమ్ముకుంటామని రాశావు."

"అదా... ఇంకో కంపెనీది కాపీ కొట్టానత్తయ్యా. అవెవరు చదువుతారులే అని..."

"నేను."

"మరి వాళ్ళ ముందే అనాల్సింది."

"అంటే రేపు నీ గడప ఎవడు తొక్కుతాడురా? వేరేవాళ్ళదైతే అక్కడే అవతల పారేసేదాన్ని. నీదని ముప్ఫై ఒక్క పేజీలూ రెండుసార్లు చదివా."

అని, బట్టలు కత్తిరించే కాగితం ముక్క మీద తనే రాసిచ్చింది: 'కొలతలు కస్టమరువే. కొట్టు దాటనివ్వం. ఎవరికీ అమ్మం. తీసెయ్యమంటే ఆ పూటే తీసేస్తాం.'

"యాప్ కూడా ఇలాగే నడిచేలా చెయ్. అప్పుడు నా ఫోను కొత్తదైపోతుంది."

వారం తిరిగేసరికి దర్జీలందరూ పెట్టుకున్నారు. రోజూ మెచ్చుకుంటూ ఫోన్లే ఫోన్లు. "బాబూ, ఆ షరతులు ఎంత బాగా రాశావయ్యా!" అని. ఆర్నెల్ల నా పని గురించి ఒక్కడూ ఒక్క మాటనడు. కుళ్ళుకోక ఏంచెయ్యమంటారు?