బరకం కట్టడం నేర్పిన వీరభద్రం మాస్టారు

మా డ్రిల్లు మాస్టారు వీరభద్రం గారు గతవారం ఏలూరులో స్వర్గస్థులయ్యారు. తాడేపల్లిగూడెంలో నా ఇంజినీరింగ్ విద్యార్థులకు పాఠం చెబుతుండగా ఆ దుర్వార్త ఫోనులో తెలిసి నిశ్చేష్టుణ్ణయ్యాను. ఆ మహనీయుని గురించి రాసే అర్హత నాకు లేదని ముందే ఒప్పుకుంటున్నాను. ఆయన శిష్యులమని చెప్పుకుని తిరిగే మాలో ఎవరికీ లేదు.

ఏటా చలికాలంలో ఆయన మమ్మల్ని మండవల్లి అవతల కొల్లేరు గట్టుకు క్యాంపుకు తీసుకెళ్ళేవారు. టెంట్లు కొనే స్తోమత మా బడికి లేదు. ధాన్యపు రాశులమీద కప్పే బరకాలే మాకు గృహాలు. మేకులు కొడితే ఆ మెత్తటి నల్లమట్టిలో నిలిచేవి కావు. అందుకని ఆయన ఒక వెదురుముక్క నడుముకు తాడు కట్టించి, గోతిలో అడ్డంగా పాతించి, పైన మట్టి పోసి అందరిచేతా తొక్కించేవారు. ఇక ఆ తాడు ఎంత లాగినా కదిలేది కాదు.

ఆ నిర్మలాంతఃకరణుడికి కోపమంటే తెలియదు. పదమూడేళ్ళ వెధవలను కూడా ‘మీరు’ అనే పిలిచేవారు. ఒకసారి నేను బరకాన్ని నాలుగు మూలలా సమానంగా, పెళ్ళిపందిరిలా చదునుగా బిగించి గర్వంగా నిలబడ్డాను.

“ఏవండీ ప్రసాద్ గారూ, చూడ్డానికి ముచ్చటగా ఉందండి. కాసేపు కిందకెళ్ళి పడుకోండి,” అన్నారు.

పడుకున్నాను. నాలుగు బిందెల నీళ్ళు పైన పోయించారు. బరకం పొట్టలా దిగి, తాడు ఊడి, నీళ్ళన్నీ నా నెత్తిన పడ్డాయి.

“వానతో మనకి పోట్లాటెందుకండీ? ఓ మూల కిందకి దించి దారి చూపిస్తే దాని మానాన అదే పోద్ది,” అని నవ్వారు.

అంత్యదర్శనానికి వెళ్ళిన రోజు అల్పపీడనపు వాన. మాస్టారి పార్థివదేహాన్ని ఇంటిముందు బల్లమీద ఉంచారు. టెంటుహౌసు వాళ్ళు పైన బరకం కట్టి వెళ్ళిపోయారు. చదునుగా కట్టారు. దానికింద కుర్చీల్లో ఇరవైమందికి పైగా శిష్యులం, అందులో ముగ్గురం ఇంజినీర్లం. ఫ్లెక్సీ మీద ఎవరి పేరు ముందుండాలా అని కొందరు వాదులాడుకుంటున్నారు. నడుమ నీళ్ళు చేరి బరకం పొట్టలా దిగుతుండటం నేను చూశాను. చూసి, నా కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. ఛీ! ఇది రాస్తుంటే నా మీద నాకే రోత పుడుతోంది.

“టెంటుహౌసు వాళ్ళకి ఎవరైనా ఫోన్ చెయ్యండయ్యా,” అన్నాడు మాలో ఒక పెద్దమనిషి, తను లేవకుండానే.

ఫోను కలిసేలోపే తాడు ఊడింది. నీళ్ళన్నీ మాస్టారి ముఖంమీద పడ్డాయి. నుదుటి విభూతి కొట్టుకుపోయింది.

లోపలినుంచి ఆయన సహధర్మచారిణి కాంతమ్మ గారు వచ్చారు. డెబ్భై దాటిన మనిషి. కొంగుతో భర్త ముఖం తుడిచి, వానలోకి నడిచి, ఊడిన తాడు పట్టుకున్నారు. అప్పుడు లేచాను నేను, ఘనుణ్ణి.

“మీరు కూర్చోండి నాయనా, బట్టలు తడుస్తాయి,” అన్నారు. ఆ గొంతులో వెటకారం లేదు, కోపం లేదు. ఉంటే బాగుండేది. ఒక మూల కిందకి దించి ఆవిడే కట్టుకున్నారు. నీళ్ళు పక్కకు జారిపోయాయి.

ఆదివారం సంతాపసభ. మాస్టారి సేవాదృక్పథం గురించి నన్ను మాట్లాడమన్నారు. గురువర్యా, అటువంటి మీరు మాకు మళ్ళీ దొరకరు. అంజలి ఘటించాలని చేతులెత్తబోతే అసహ్యం వేస్తోంది. ఆ రోజు ఇవి నా ఒళ్ళో పొడిగా ఉన్నాయి.