వదిన డబ్బాలో నేను కలిపిన పొట్టు

ఈ వయసులో నాకు ఓడ ప్రయాణమేమిటని మీరు నవ్వుతారని తెలుసు. నేనూ నవ్వాను. కాని మా అల్లుడు ఉద్యోగం నుంచి విరమించిన సంబరంలో ఉన్నాడు, ఎనభయ్యారేళ్ళ అత్తగారిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టయినా సరే సముద్రం చూపిస్తానని పంతం పట్టాడు, మా అమ్మాయి మొగుడికి వంత పాడింది, చివరికి నా మాట నెగ్గక బొంబాయి రేవులో పదకొండు అంతస్తుల ఓడ ఎక్కాను. ఆ ఓడలో లేని వస్తువు లేదు. ఈతకొలనుంది, నాటకాలాడే మందిరముంది, పొద్దస్తమానం తినేవాళ్ళకు పొద్దస్తమానం వడ్డించేవాళ్ళున్నారు. లేనిదల్లా ఒక్క గుక్కెడు మంచి కాఫీ.

మీట నొక్కితే గోధుమరంగు వేడినీళ్ళు వస్తాయి, దాన్నే కాఫీ అనుకోవాలి. అల్లుడికి పొద్దున కాఫీ పడకపోతే మనిషి మనిషిలా ఉండడు. పాపం, అంతస్తు అంతస్తూ ఎక్కి దిగి ఓడంతా గాలించాడు. ఒకచోట కప్పు నిండా నురగేనట, ఒకచోట పాలకు బదులు పొడి కలిపారట, ఇంకోచోట మాడిన కంపట. మూడోరోజు పొద్దున పలహారాల దగ్గర ఒక గుక్క తాగి కప్పు ఠపీమని బల్లమీద పెట్టి, "ఇది కాఫీ కాదత్తయ్యా, చింతగింజల కషాయం" అన్నాడు. అందరూ ఫక్కున నవ్వారు. నా చేతిలోని చెంచా కింద పడింది.

పక్క బల్ల దగ్గరున్న తెనాలి ఆవిడ ఆ మాట విని జాలిపడి మమ్మల్ని తన గదికి పిలిచింది. మహా ఘటికురాలు. చీరల మడతల మధ్య స్టీలు ఫిల్టరూ, కాఫీపొడీ దాచి తెచ్చుకుంది, భోజనశాలలో వడ్డించే ఒకాయనను మంచి చేసుకుని ఫ్లాస్కు నిండా మరిగిన నీళ్ళూ, చిక్కటి పాలూ సంపాదిస్తోంది. డికాషను దిగుతుంటే ఆ వాసనకు గది గదంతా ఇల్లయిపోయింది. అల్లుడు కళ్ళు మూసుకుని తాగాడు. నాకు మాత్రం గొంతు దిగలేదు. బాగాలేదా అండీ అని ఆవిడ నొచ్చుకుంటే, ముసలి నాలుక కదమ్మా, రుచి తెలియడం లేదని బొంకాను. బొంకడం నాకు కొత్తేమీ కాదు లెండి. ఒక బొంకును డెబ్బై ఏళ్ళకు పైగా మోసిన ఘనత నాది. ఆ బరువు ఇవాళ మీ ముందు దించుతున్నాను. మన ఈడువాళ్ళయితే తిట్టినా, అర్థం చేసుకుని తిడతారు.

మాది వరంగల్లు. తివాచీలు నేసే ఇల్లు. నాకప్పుడు పదేళ్ళు, ఎక్కడో దూరదేశాల్లో యుద్ధం జరుగుతోందనీ, అందుకే నూలు దొరకడం లేదనీ, చక్కెర దొరకడం లేదనీ పెద్దవాళ్ళు అనుకునే రోజులు. మా వాడలో కాఫీ ఎరిగినవాళ్ళు లేరు. మగవాళ్ళు సడక్ మీది హోటల్లో చాయ తాగి వచ్చేవారు, ఆడవాళ్ళకూ పిల్లలకూ పొద్దున్నే గటకో, అంబలో. అటువంటి ఇంట్లోకి బెజవాడ వైపు నుంచి మా వదిన కోడలై వచ్చింది. నూలు బేరానికి మా బాపు, అంటే మా నాన్న, ఆ వైపు పోయివస్తుండగా కుదిరిన సంబంధం అది. వాళ్ళూ మగ్గం మనుషులే, కాని ఇంట్లో అందరూ పొద్దున లేస్తూనే కాఫీ తాగుతారు.

వదిన కాపురానికి వచ్చినప్పుడు ట్రంకు పెట్టెలో చీరల అడుగున ఒక రేకుడబ్బా పెట్టుకుని వచ్చింది. అది వాళ్ళ నాన్న తన చేతులతో గింజలు వేయించి, దంచి, జల్లించి ఇచ్చిన పొడి. తల్లి లేని పిల్ల. తండ్రి ఆమధ్యనే మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. పిన్ని ఎట్లాంటి మనిషో వదినకు సరిగా తెలియను కూడా తెలియదు, ఆమె ఆ గడప లోపలికి వచ్చిన ఆరు నెలలకే వదిన ఆ గడప దాటింది. పుట్టింటి నుంచి మిగిలిందల్లా మూడు నాలుగు నెలలకొకసారి, రైల్లో ఇటు వచ్చే ఎవరో ఒక తెలిసిన మనిషి చేత వచ్చే ఆ డబ్బానే. ఉత్తరాలు రాసుకునే అలవాటు వాళ్ళకు లేదు. డబ్బా వస్తే నాన్న బాగున్నట్టు, నాన్నకు తను గుర్తున్నట్టు.

మా అవ్వ, అంటే మా అమ్మ, మొదట్లో ముక్కు విరిచేది. "గిదేం మందోనమ్మా, పొద్దుగాల తాగకుంటే మనిషికి కండ్లే తెరువయి" అని చుట్టుపక్కలవాళ్ళతో నవ్వేది, కాని చెడ్డది కాదు, పొయ్యి మీద ముందు కోడలి నీళ్ళే మరగనిచ్చేది. వదిన బెల్లం వేసి, పలచటి బట్టలో వడగట్టి, ఇత్తడి గ్లాసుతో గోడకానుకుని కూర్చుని తాగేది. అడుగున ఒక గుక్క నాకు ఉంచేది. పెట్టె తాళంచెవి నడుమున ఉండేది, బరువు మనిషయ్యాక వంగి లేవలేక, "అమ్మడూ, నా పెట్టెలోంచి అది తెచ్చిపెట్టవూ" అని ఆ తాళం నా చేతికే ఇచ్చేది. నన్ను అంతగా నమ్మిన మనిషి అప్పటికి ఇంకొకరు లేరు.

వదినకు ఆరో నెల నడుస్తుండగా కొత్త డబ్బా వచ్చింది. తెచ్చినాయన ఒక కబురు కూడా తెచ్చాడు. వచ్చే నెలలో మంచిరోజు చూసి నాన్నే స్వయంగా వస్తున్నాడట, తొలికాన్పుకు పుట్టింటికి తీసుకుపోతాడట. వదిన ఆ రోజంతా నేల మీద నిలవలేదు. పాత డబ్బాలో అడుగున రెండు చెంచాల పొడి ఉంది, అది అయ్యాకే కొత్తదాని మూత తీస్తానని గుడ్డ కట్టిన దారం కూడా విప్పకుండా పెట్టెలో పెట్టింది.

ఆ వారమే నా ఈడు పిల్లలు నన్ను పట్టుకున్నారు. "మీ వదినె తాగేది పిచ్చిమందంట కదనే, తాగకుంటే లేశి ఉరుకుతదంట కదనే" అని ఒకతి అంది. నాకు ఒళ్ళు మండింది. మా వదినకు పిచ్చా? మీరూ తాగి చూడండే అని సవాలు చేశాను. మధ్యాహ్నం వదిన కునుకు తీస్తుంటే తాళం తీసి, పాతదాంట్లో తీస్తే తెలిసిపోతుందన్న బహుగొప్ప తెలివితో కొత్త డబ్బా దారమే విప్పాను. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద కుండ పెట్టి, కొలత తెలియక పిడికెళ్ళతో పొడి పోసి మరిగించాం. నల్లటి చేదు. ఒక్కరు మింగితే ఒట్టు, అందరూ తుపుక్కున ఉమ్మేసి పరుగెత్తారు. చూసుకుంటే డబ్బాలో సగం కంటే ఎక్కువే ఖాళీ.

ఇక్కడ మా ఇంటి పని సంగతి ఒకటి చెప్పాలి. నూలుకు పట్టించే గంజిలోకి మేము చింతగింజలు వేయించి, దంచి, పిండి చేసుకునేవాళ్ళం. వేయించిన గింజ మీది పొట్టు ఎర్రగా, నల్లగా, అచ్చం కాఫీపొడి రంగులోనే ఉంటుంది. గంజికి అది పనికిరాదు, చెరిగి ఒక మూల పోసేవాళ్ళం. నా కన్ను దాని మీద పడింది. రెండు దోసిళ్ళ పొట్టు తెచ్చి ఇసుర్రాయిలో వేసి మెత్తగా విసిరి, డబ్బాలో పోసి, పుల్లతో బాగా కలిపి, దారం మళ్ళీ అదే ముడి వేశాను. పట్టుమని పదకొండేళ్ళు లేవు, చేసింది మాత్రం ఆరిందా పని. ఎవరికీ తెలియదులే అని హాయిగా అన్నం కూడా తిన్నాను.

కొత్త డబ్బా మూత తీసిన పొద్దున వదిన ఒక గుక్క తాగి ఆగిపోయింది. మళ్ళీ ఒక గుక్క తాగింది. అవ్వ చూసి, "ఏమైంది బిడ్డా, గట్ల పెట్టినవ్ మొఖం" అని అడిగితే, ఏం లేదత్తయ్యా, నోరు బాగాలేదంది. అవ్వ మగ్గం దగ్గరకు వెళ్ళాక నా వైపు తిరిగి మెల్లగా, "చింతగింజలు కలిపారమ్మడూ. మావైపు హోటళ్ళలో కరువుకు ఇట్లాగే కలుపుతున్నారట. మా నాన్న చేతి పొడి కాదిది. పిన్ని పంపింది" అంది. అప్పుడు చెప్పి ఉండవలసింది. నోరు తెరిచాను కూడా. అంతలో ఆమె కళ్ళు తుడుచుకోవడం చూసి భయపడి నోరు మూసుకున్నాను. ఏడిపించింది నేనే అయినప్పుడు ఎట్లా చెప్పను?

మరి మా అన్న చేతనో, ఇంకొకరి చేతనో తండ్రినే అడిగించవచ్చు కదా అంటారేమో. ఆ రోజులు మీకు తెలుసు. పుట్టింటివాళ్ళు పంపినదాన్ని ఆడపిల్ల వంక పెట్టకూడదు, పెడితే అత్తింట్లో తండ్రి పరువు పోతుంది. వదిన ఆ వగరు కాఫీని ఎవరికీ చెప్పకుండా రోజూ తాగింది. నాకు ఉంచే గుక్క మాత్రం ఉంచలేదు, నీకెందుకమ్మడూ ఈ పాడు కాఫీ అని తనే తాగేసేది.

నెల తిరిగాక వదిన నాన్న వచ్చాడు. భుజాన కండువా, చేతిలో అరటిపండ్ల గెల, మనిషి సన్నగా, మర్యాదగా, మా బాపు కూర్చోమన్నా నిలబడే మాట్లాడాడు. వదిన కాళ్ళు కడుక్కోను నీళ్ళిచ్చి లోపలికి పోయి కాఫీ పెట్టింది. ఆ డబ్బాలోదే పెట్టింది. కావాలనే పెట్టిందని నాకు తెలుసు, పొయ్యి దగ్గర ఆమె మొహం చూసినదాన్ని నేనొక్కదాన్నే. నోటితో అడగలేనిది గ్లాసుతో అడిగింది. ఆయన మొదటి గుక్క తాగి కూతురి మొహంలోకి చూశాడు, ఆ తర్వాత నూలు లేక ఉత్తగా పడి ఉన్న మా మగ్గాల వైపు చూశాడు, చివరి చుక్క దాకా తాగి, "బావుందమ్మా" అన్నాడు.

అంతే. కూతురు అనుకుంది, నాన్నకు అంతా తెలుసు, తెలిసే కప్పిపుచ్చుతున్నాడని. తండ్రి అనుకున్నాడు, నూలు కరువుతో వియ్యాలవారి ఇల్లు చితికిపోయింది, పంపిన పొడిలో చింతగింజలు కలుపుకుని నెలలు నెట్టుకొస్తున్నారని. ఆడపిల్లనిచ్చిన ఇంట్లో లేమిని ఎత్తి చూపకూడదు కనుక ఆయనా అడగలేదు. వాళ్ళిద్దరి మధ్యా తలుపు పట్టుకుని నేను నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు. నేను ఖాళీ గ్లాసు అందుకుని పెరట్లోకి పోయాను.

ప్రయాణానికి పెట్టె సర్దుకోమంటే వదిన రానంది. ఇక్కడ అత్తయ్య చూసుకుంటుంది, అక్కడ పిన్నికి శ్రమ ఎందుకంది. అవ్వ ఆశ్చర్యపోయింది, "తొలికాన్పు అవ్వగారింట్ల గాకుంటే నలుగురేమంటరు బిడ్డా, పోయిరా" అని నచ్చజెప్పింది, అన్న కసిరాడు. వదిన రాయిలా కూర్చుంది. ఆయన సాయంత్రం బండికి ఒక్కడే వెళ్ళిపోయాడు. స్టేషను దాకా తోడువెళ్ళిన బాపు తిరిగివచ్చి, "మగ్గాలు నడుస్తానయా బావా, పిల్లకు పాలు వోస్తాన్రా అని తిప్పి తిప్పి అడిగిండు, ఏందో పాపం" అన్నాడు. ఆయన ఏమనుకున్నాడో నాకు అర్థమైంది ఆ మాటతోనే.

ఆడపిల్ల పుట్టింది, తల్లీపిల్లా క్షేమం. నెలలోపలే ఒకటి కాదు, రెండు డబ్బాలు వచ్చాయి. అమ్మాయికి సరిపోవడం లేదేమో, రెండు పంపుతున్నానని కబురు. వదిన వాటి మూత తీయలేదు. పెట్టె అడుగున పెట్టేసి కాఫీ తాగడమే మానేసింది, మాతోపాటే అంబలి తాగడం నేర్చుకుంది. అవ్వ మాత్రం కోడలు మా ఇంటి మనిషైపోయిందని మురిసిపోయింది. రెండేళ్ళ తర్వాత, ఊళ్ళన్నీ అట్టుడికిపోతున్న రోజుల్లో, రైళ్ళు సరిగా నడవనప్పుడు, ఆయన పోయాడన్న కబురు కర్మ కూడా అయిపోయాక మాకు చేరింది. మనవరాలిని ఆయన చూడనే లేదు.

ఆ రోజు వదిన ఆ డబ్బాల్లో ఒకటి తీసి, తండ్రి కట్టిన దారం విప్పి, కాఫీ పెట్టుకుంది. పాతబడి వాసన పోయింది, కాని వగరు లేదు, కల్తీ లేదు. గ్లాసు పట్టుకుని పొగిలి పొగిలి ఏడ్చింది. "ఆ రోజు నేనిచ్చింది తాగి, తెలుసుకుని, ఇంటికి పోయి మళ్ళీ తన చేత్తో చేసి పంపాడు అమ్మడూ. నేను మూతైనా తీయలేదు. ఆయన మీద పంతం పట్టానే" అని నా భుజం మీద తల పెట్టింది. నాకప్పటికి పదమూడేళ్ళు, పసిదాన్నేమీ కాదు. ఆమె వీపు నిమిరాను. చెప్పలేదు.

ఇప్పుడు కాలం ఎంత మారిపోయింది! మా అమ్మాయి పచ్చడి జాడీ పంపితే తన కోడలు మూత తీస్తూనే ఫోను చేసి, ఉప్పెక్కువైంది ఆంటీ అని మొహమాటం లేకుండా చెబుతుంది, ఇద్దరూ నవ్వుకుంటారు, అక్కడితో సరి. ఆనాడు ఒక ఫోను ఉండి ఉంటే, ఆడపిల్ల తండ్రిని సూటిగా అడగగలిగే రోజులై ఉంటే అని ఎన్నోసార్లు అనుకుంటాను, కాలం మీదికి నెట్టేస్తే కాస్త తేలికగా ఉంటుంది కనుక. కాని నిజం అది కాదు. మా ఇళ్ళలోకి ఫోన్లు వచ్చాక వదిన ఇంకా ఇరవై ఏళ్ళు బతికింది. ప్రతి ఆదివారం నాతో మాట్లాడేది, పిన్నిని అనవసరంగా ఆడిపోసుకున్నానని, తండ్రి మనసు కష్టపెట్టానని నాతోనే చెప్పుకునేది, నేను ఊఁ కొట్టేదాన్ని. ఆమె పోయిన పదో రోజున మేనకోడలు నన్ను పట్టుకుని, "అమ్మ ఎవరికీ చెప్పనివి నీకే చెప్పుకునేది గదా అత్తా" అని ఏడ్చింది. అవును, ఆమె నాకు అన్నీ చెప్పింది. నేనే ఆమెకు ఒక్కటీ చెప్పలేదు.