అన్నం లేని శేర్వా

మొన్న మంగళవారం మధ్యాహ్నం కార్ఖానాల మాస్టర్ వచ్చి నేను నడిపే సాంచాలు, అదే బట్ట నేసే కరెంటు మగ్గాలు, బంద్ చేసిండు. దారం తెగిందేమో అనుకున్న. ఆయన నా చెవి దగ్గరికి వంగి, "మీ వదినె పోయిందట. అన్న ఫోన్ చేసిండు, ఇంటికి పో" అన్నడు. పక్క సాంచాల చప్పుడుకు అర్థం కాక మళ్లీ చెప్పమన్న. అసొంటి మాటను రెండుసార్లు చెప్పించుకున్న.

మేం సూరత్‌ల పర్వత్ పాటియా దగ్గర ఉంటం. పదహారేండ్లప్పుడు అన్న వెంట పనికి వచ్చిన. పెండ్లి చేసుకోలేదు. ఇరవై ఏండ్లకు పైగా వదినె చేతి తిండే తిన్న. ఆమె పొద్దంత చీరలు మడతబెట్టే పనికి పోయేది, వచ్చినంక అందరికీ వండేది.

రెండేండ్ల కింద నా కాలి బొటనవేలికి పుండయింది. చెప్పు ఒరుసుకుందనుకున్న. డాక్టరు షుగరు పరీక్ష చేయించి, గోలీలు రాసి, "అన్నం, రొట్టె తగ్గించు. గిట్లనే ఉంటే వేలు తీసెయ్యాల్సి వస్తది" అన్నడు. నాది పన్నెండు గంటలు నిలబడి చేసే పని. ఇంటికొచ్చి గోడ దిక్కు తిరిగి పండుకున్న.

అన్న బిడ్డ ఫోన్‌ల 'పేలియో' అని ఏదో చూపించింది. రాతికాలం మనుషుల తిండి అట. బియ్యం, గోధుమలు, పప్పు, ఆలుగడ్డ, చక్కెర ఉండొద్దు. మాంసం, కూరగాయలు, బాదాం, నువ్వులసొంటి గింజలు తినాలె. అండ్ల గిన్నెనిండ బాదాములు చూసి వదినె నవ్వింది.

"రాతికాలపోల్లు బాదాములు ఏ దుకాణంల కొన్నరే? మనకు దొరికినయి మనం వండుదాం."

డాక్టర్ని అడిగితే సరే అన్నడు, గోలీలు మాత్రం మానొద్దన్నడు.

చికెన్ దుకాణంల బోన్‌లెస్ కోసినంక మిగిలిన బొక్కలు, మెడలు అగ్గువకు ఇస్తరు. వదినె వాటిలో కొన్ని మంచి ముక్కలు కలిపి తెచ్చేది. పెద్ద గంజుల అల్లం, ఎల్లిపాయ, మిరియాలు వేసి బొక్కలు మెత్తబడేదాంక మసలబెట్టేది. తర్వాత సొరకాయ, ముల్లంగి, గోబిపువ్వు వేసేది. శేర్వా చిక్కబడాలంటే సగం సొరకాయ ముక్కలను గంటెతోటే మెదిపి, ఎండుకొబ్బరి కుడుక, నువ్వులు నూరి కలిపేది. నలుగురు పెద్ద ఆకలితోని వచ్చినా గంజు అడుగు కనబడకపోయేది.

మొదటి వారం నేను గిన్నె నూకేసిన. "అన్నం లేకుంట గిది తిండేనా?" అన్న. శేర్వా గచ్చు మీద పారింది. వదినె గుడ్డ తెచ్చి తుడిచింది. తెల్లారి చూస్తే ఇంట్ల ఎవ్వరికీ అన్నం లేదు. అన్నకు లేదు, పిల్లలిద్దరికీ లేదు.

"వాళ్లేం చేసిండ్రు వదినె?" అని అడిగిన.

"ఒక్కనికే పత్తెమైతే వాడు దొంగతనంగ తింటడు. ఇల్లంత పత్తెముంటే దొంగతనం ఎట్ల జేస్తడు?" అన్నది.

అయినా చేసిన. డ్యూటీ దిగి వచ్చేటప్పుడు బండి కాడ పావ్ రొట్టె తినేటోన్ని. నెలకు పుండు నల్లబడ్డది. ఆ రోజు కట్టు కట్టించుకొస్తుంటే దవాఖాన మెట్ల మీద వదినె కూలబడ్డది. కోపం చేస్తదనుకున్న.

"నేను అలిసిపోయిన మరిదీ," అన్నది. "నువ్వు తినకుంటే చెప్పు. వండుడు బంద్ జేస్త."

అలిసిపోయిన అనే మాట ఆమె నోటి నుంచి విన్నది అప్పుడొక్కసారే. ఆ దినం నుంచి బయట ముట్టలేదు. నాలుగు నెలలకు పుండు మానింది, వేలు దక్కింది. ఇయ్యాల సాంచాల నడుమ నడుస్తున్ననంటే, గోలీలకు ఎంత రుణపడ్డనో ఆమె గంజుకు అంత రుణపడ్డ.

ఇంటిల్లిపాదిమి నా కాలు దిక్కే చూసినం. మెట్లెక్కితే ఆమెకు ఆయాసమై దమ్మొచ్చేది. ఛాతి పట్టుకుంటే "గ్యాసు" అనేది. మేం నమ్మినం, నమ్ముడు మాకు సులువాయె. నాకు రాసిన పరీక్షల చీటీ ఆమె జాగ్రత్తగ దాచేది. ఆమెకు ఒక్క చీటీ రాయించాలని మాకు తోచలేదు.

పోయిన ఎండకాలం ఒక ఆదివారం గుర్తొస్తది. కార్ఖానా బంద్. నేను లోపలికొస్తే పొయ్యి మీద శేర్వా మసులుతున్నది. పక్కన వదినె గోడకానుకొని, కూసున్నకాడనే నిద్రపోయింది. చేతిల గంటె అట్లనే ఉన్నది, దాని కొసకెల్లి ఒక్కొక్క చుక్క చీర మీద పడుతున్నది. మంట తగ్గించిన. పిల్లలు ఆకలని ఉరికొస్తే నోటి మీద వేలు పెట్టి చూపించిన. ముగ్గురం గడప మీద ఒకలి పక్కన ఒకలం కూసున్నం, ఆమెంతట ఆమె లేసేదాంక.