అమ్మమ్మ పంపిన చీమలు

నెల కిందట రాజోలు నుంచి మా అత్తగారు తెలిసినవాళ్లతో పంపిన సున్నుండల డబ్బాలో చీమలు కూడా వచ్చాయి. మా పాప వాటిని చంపనివ్వలేదు. గాజుసీసాలో ఇసుక పోసి ముగ్గురం పెంచడం మొదలుపెట్టాం. మొదట్లో చక్కెరనీళ్లు ఎక్కువై కొన్ని మునిగిపోతే, దూది తడిపి పెట్టడం నేర్చుకున్నాం.

ఈ రోజు ఉత్తరం వచ్చింది. అత్తగారు పోయి ఇరవై రోజులైందట. మా ఆవిడ ఏడవలేదు. తల్లికి ఇష్టమైన వంకాయ కూర వండి, ఒక ముద్ద డాబా గోడ మీద కాకికి పెట్టింది. ఈ గల్ఫ్ ఊరు ఉమ్ అల్ క్వైన్ ఎండకు మెతుకులు గట్టిపడ్డాయి గానీ ఒక్క కాకీ వాలలేదు.

"అమ్మకి ఈ ఇల్లు తెలీదు కదండీ, ఎలా వస్తుంది?" అంది నాతో.

"చీమలు అమ్మమ్మ దగ్గర్నుంచే వచ్చాయి కదమ్మా, వాటికి పెట్టు" అంది పాప.

మా ఆవిడ ఒక మెతుకు సీసాలో వేసింది. నాలుగు చీమలు చేరి దాన్ని ఇసుకలోకి లాక్కుపోయాయి. అప్పుడు ఏడ్చింది.

కాకి ముట్టాల్సిన ముద్ద చీమ ముట్టింది. ఇది చెల్లుతుందో లేదో తెలిసిన పెద్దలెవరైనా ఉత్తరం రాయండి. చెల్లదనేట్టయితే మాత్రం కవరు మీద నా పేరే వేయండి. మిగతావన్నీ మా ఆవిడే విప్పుతుంది.