పుస్తకం మీద మా ఇంటి అభిప్రాయం

నాకు చదివే పిచ్చి కువైట్‌కు వచ్చాకే ముదిరింది. అల్ రాయ్‌లో కార్ల స్పేర్ పార్టుల గోడౌన్‌లో స్టోర్‌కీపర్ పని నాది. సరుకు బండ్లు రాని వేళ ఊరికే కూర్చుంటే తలకాయ ఇంటివైపు పరిగెత్తుతుంది. దాన్ని ఆపడానికి పుస్తకం పట్టుకున్నాను, అలా దొరికింది మా రచయిత్రి. ఆమె రాసే మనుషులు మా సీమ మనుషులు, వాళ్ళతో ఆమె మాట్లాడించేది మా మాట. అందుకే ఎవరు ఏమనుకున్నా ఆమె మా రచయిత్రే. రిగ్గైలో మేం ఉండే రూములో ఆమె పుస్తకాలన్నీ ఉన్నాయి. సెలవు మీద ఊరికి పోయొచ్చే ప్రతివాడూ పచ్చళ్ళ డబ్బాల మధ్య ఒక పుస్తకం పెట్టుకుని రావాలి, అది మా రూము కట్టుబాటు. నూనె మరక లేని పుస్తకం మా దగ్గర ఒక్కటీ లేదు.

నా భార్య కూడా ఆమెనే చదువుతుంది. మా కాపురంలో ఎక్కువ భాగం ఫోన్లో జరిగింది, అందులో ఎక్కువ భాగం ఆ రచయిత్రి నవలల మీదే జరిగింది. గ్యాస్ బండ వచ్చిందా, పాపకు జ్వరం తగ్గిందా అనే మాటలు అయిపోయాక ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచని సమయం ఒకటి వస్తుంది. దూరాన ఉండే మొగుడూ పెళ్ళాలందరికీ అది తెలుసు. అప్పుడు మేం నవలలో మనుషుల గురించి పక్కింటివాళ్ళ గురించి చెప్పుకున్నట్టు చెప్పుకునేవాళ్ళం. ఆ రచయిత్రి పాఠకులంతా కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో నా భార్యను నేనే చేర్పించాను. నా పెళ్ళాం కూడా పుస్తకాలు చదువుతుంది అని నలుగురికీ తెలియాలని నాకు ఉబలాటం.

ఈమధ్య మా రచయిత్రి కొత్త నవల వచ్చింది. మా రూములో ఉండే రాయచోటి తమ్ముడు, ఇక్కడ ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు, సెలవు నుంచి వస్తూ దాన్ని తెచ్చాడు. విమానంలోనే చదివేశాడట. బ్యాగు విప్పకముందే, "అన్నా, ఈ తూరి మన మీదే రాసింది" అన్నాడు. అందుకు సంతోషపడాలో భయపడాలో వాడి మొహం చూస్తే తెలియలేదు.

కథలో మొగుడు కువైట్‌లో, పెళ్ళాం కడప పక్కన ఒక ఊళ్ళో. ఇన్నాళ్ళూ ఇట్లాంటి కథల్లో పెళ్ళాం పని ఎదురుచూడటం, ఏడవటం. ఈమె ఏడవదు. ఈమెకు బాగుంటుంది. తన వేళకు లేస్తుంది, తనకు నచ్చింది వండుకుంటుంది, స్కూటీ నేర్చుకుంటుంది. మొగుడంటే ద్వేషమేం లేదు, ఫోన్లో ప్రేమగానే మాట్లాడుతుంది. కానీ ఆయన సెలవు మీద వస్తే మాత్రం ఇంటికి పెద్ద చుట్టం వచ్చినట్టు ఉంటుంది ఆమెకు. ఆయన ఖాళీగా కూర్చోలేడు, ఏదో ఒకటి మారుస్తాడు. మంచాన్ని ఆ గదిలోకి, ఫ్రిజ్‌ను ఈ మూలకు. ఆమె దేనికీ అడ్డు చెప్పదు. ఆయన్ని విమానం ఎక్కించి వచ్చాక చెల్లెల్ని పిలుచుకుని ఫ్రిజ్‌ను మళ్ళీ పాత మూలకు జరుపుతుంది. జరిపాక ఇద్దరూ టీ పెట్టుకుని తాగుతారు. ఆ అధ్యాయం అంతటితో అయిపోతుంది.

చదివి పుస్తకం మూశాను. పోయిన సెలవులో నేను మా వంటింటి అరలు పీకించి, కింద చెమ్మ పడుతోందని, ఎత్తుగా కొట్టించి వచ్చాను. నా భార్య పొట్టి మనిషి.

శుక్రవారం అందరికీ సెలవు. పొయ్యి మీద బిర్యానీ పెట్టుకుని పుస్తకం మీద పంచాయితీ మొదలుపెట్టాం. డ్రైవరు తమ్ముడు తనకు భలే నచ్చిందన్నాడు, చదువుతూ నవ్వుకున్నాడట. తాను ఇంటికి పోయిన ప్రతిసారీ నీళ్ళ మోటరు విప్పి బిగిస్తానని, తాను వచ్చేశాక అది పనిచేయడం లేదని ఇంటినుంచి ఫోన్ వస్తుందని ఒప్పుకున్నాడు. మా రూములో పెద్దాయన, కిరాణా కొట్లో పనిచేస్తాడు, మండిపడ్డాడు. మనం ఈడ ఎండల్లో మాడుతుంటే ఆడ ఆడోళ్ళు సుఖపడుతున్నారని రాస్తుందా, ఇక ఆమె పుస్తకం నేను ముట్టను, ఖలాస్ అన్నాడు. నాకు చిన్నమ్మ వరస అయ్యే ఆమె సాల్మియాలో ఒక ఇంట్లో పనిచేస్తుంది, ఆ ఇంటి యజమానురాలిని అందరిలాగే మామా అని పిలుస్తుంది. ఆమెకు చదవడం రాదు, ఇస్త్రీ చేసుకుంటూ ఫోన్లో మా పంచాయితీ వింటుంది. తమ్ముడు ఆ ఫ్రిజ్ అధ్యాయం ఆమెకు చదివి వినిపించాడు. ఆమె పడీపడీ నవ్వి, మామా వాళ్ళు ఎండాకాలం వేరే దేశం పోతే నాకూ ఇట్లనే హాయిగా ఉంటాది అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నా ఇంట్లో నేను మామానా అని ఒళ్ళు మండింది.

ఆ మంటలోనే ఫోన్ తీసుకుని గ్రూపులో పెద్ద వాయిస్ మెసేజ్ పెట్టాను. ఇన్నేళ్ళు నెత్తిన పెట్టుకున్న రచయిత్రి మా నెత్తినే కొట్టిందన్నాను. గల్ఫ్ కాపురాల గురించి ఆమెకు ఓనమాలు తెలియవన్నాను. అక్కడితో ఆపినా బాగుండేది. నోరు ఊరుకోలేదు. కావాలంటే మా ఇంట్లో అడగండి, ఈ పుస్తకం ఇస్తే నా భార్య పది పేజీలు కూడా చదవదు, అవతల పారేస్తుంది అన్నాను.

గ్రూపు రెండుగా చీలింది. సగం మంది బాగా గడ్డి పెట్టావన్నారు, సగం మంది ఆమె ఇంత నిజం ఎప్పుడూ రాయలేదన్నారు. ప్రొద్దుటూరు టీచరమ్మ ఒకామె మాత్రం పుస్తకం సంగతి వదిలేసి నన్ను పట్టుకుంది. మీ ఇంటావిడ ఈ గ్రూపులోనే ఉన్నారు కదా, ఆమె అభిప్రాయం ఆమెనే చెప్పనివ్వండి అని రాసింది. చెప్పిస్తాను చూడు అనుకుని వెంటనే ఇంటికి వీడియో కాల్ చేశాను.

నా భార్య వాయిస్ మెసేజ్ విననే విన్నది. అయితే కోపమేం లేదు. ఆ పుస్తకం వచ్చినప్పుడే తెప్పించుకుని చదివానని మెల్లగా చెప్పింది. ఆమె చదివిన పుస్తకం నాకు చెప్పకపోవడం అదే మొదటిసారి. ఎందుకు చెప్పలేదని అడిగితే పమిట కొంగు వేలికి చుట్టుకుంది.

"బాగుండాది. రెండు తూర్లు చదివినా. నువ్వు చదవకుంటే బాగుండు అనుకున్యా."

వంటింట్లో అరలు చూపించమన్నాను. ఇప్పుడెందుకులే అంది. చూపించమన్నాను. వంటింట్లోకి పోయి ఫోన్ అటు తిప్పింది. స్టీలు డబ్బాలన్నీ ఆమె చెయ్యి అందే ఎత్తులో వరసగా ఉన్నాయి. పైన నేను కొట్టించిన చోట రంధ్రాలు పూడ్చి సున్నం వేసిన మచ్చలు కనబడుతున్నాయి. ఎప్పుడు మార్పించావని అడగడానికి కూడా నాకు మొహం చెల్లలేదు. ఇన్ని నెలలుగా వీడియో కాల్‌లో ఆమె వంటింట్లోంచి మాట్లాడలేదని అప్పుడు గమనించాను. నేను బాధపడతానని గోడను దాచిపెట్టి తిరిగింది. నేనేమో ఆమె పేరు చెప్పి ఊరందరి ముందు ప్రగల్భాలు పలికాను.

నీకు ఎట్లా అనిపించిందో అట్లనే గ్రూపులో రాయి, నేనేం అనుకోను అని చెప్పి ఫోన్ పెట్టేశాను. రాస్తే నా పరువు పోతుంది. పోతే పోనీ, అది పోవాల్సిందే అని నాకు నిజంగానే అనిపించింది. బిర్యానీ వడ్డించుకుని ఫోన్ పక్కన పెట్టుకున్నాను. కాసేపటికి గ్రూపులో ఆమె మెసేజ్ వచ్చింది.

"మా ఆయన చెప్పినదే నా అభిప్రాయం. నాకు ఆ పుస్తకం నచ్చలేదు."

పెద్దాయన నా వీపు చరిచాడు. వదిన నీ మాట నిలబెట్టింది అన్నా అని డ్రైవరు తమ్ముడు కొంచెం నిరాశగా అన్నాడు. గ్రూపులో బొటనవేళ్ళు, చప్పట్లు వరసగా వచ్చి పడ్డాయి. టీచరమ్మ, పొరబడ్డానండీ, క్షమించండి అని రాసింది. ఆ క్షమాపణ చదివి నేను సిగ్గుతో చచ్చిపోయాను. తప్పు నాది, అబద్ధం నా భార్యది, క్షమాపణ ఇంకెవరిదో. గెలిచినవాడి మొహం పెట్టుకుని ఆ రూములో కూర్చోవడం నావల్ల కాలేదు.

కిందికి దిగి, బిల్డింగు నీడలో నిలబడి మళ్ళీ ఇంటికి ఫోన్ చేశాను. ఎందుకట్లా రాశావని అడిగాను.

"నలుగురిలో అంత మాట అనేసినావు. నేను ఇంకోటి అంటే నీ మొగం యాడ పెట్టుకుంటావు? వచ్చే నెల ఇంటికి వస్తాండావు. వచ్చే మనిషిని చిన్నబుచ్చేది యాల?"

చుట్టానికి చెప్పే మాట అది. మంచి మాటే, అందుకే తగలాల్సిన చోట తగిలింది. ఆ నవలలో ఆమె కూడా మొగుణ్ణి ఒక్క మాట అనదు. నేను దాదాపు బతిమాలుతున్నట్టు మాట్లాడాను. గ్రూపు సంగతి వదిలెయ్, ఆ పుస్తకంలో నీకు నచ్చింది ఏమిటో నాకు ఒక్కడికి చెప్పు, కోప్పడను, అడ్డం మాట్లాడను, ఊరికే వింటాను అన్నాను. అవతల ఏదో మొదలుపెట్టి ఆపేసింది. చెప్పాలని ఆమెకూ ఉందని ఊపిరి వింటేనే తెలిసింది. చివరికి, పిల్లలకు నచ్చజెప్పేటప్పుడు పలికే ఆ మెత్తటి గొంతుతో అంది.

"చెప్తాలే. నువ్వు వచ్చి పోయినాంక చెప్తా."