కొబ్బరితోటలో ఇటలీ దద్దోజనం

ముందే చెప్పేస్తున్నాను. ఈ ముచ్చట సగానికొచ్చేసరికి అరవై మంది పెద్దమనుషులు, కార్తీకమాసంలో, కొబ్బరితోటలో, విస్తళ్ళ ముందు కూర్చుని అన్నం కోసం దిక్కులు చూస్తుంటారు. దానికి కారకుణ్ణి నేనేనని మా వీధి వీధంతా ఇప్పటికీ అంటుంది. తప్పులో నా వాటా నాకుంది, కాదనను. కానీ మిగతా వాటాల సంగతి ఒక్కరూ ఎత్తరేం? అదీ నా మంట.

మాది రావులపాలెం. ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను. ఏళ్ళ తరబడి ప్రపంచ పటం మీద బెత్తంతో దేశాలు చూపించీ చూపించీ, ఓ ఆరేళ్ళ క్రితం ఫోనులో వంటల వీడియోలు చూడ్డం మొదలుపెట్టాక నాకో ఆలోచన వచ్చింది. ఈ దేశాలన్నీ పిల్లలకి చూపించడమేనా, మనం రుచి చూసేదెప్పుడు? ఆ రోజు నుంచి ఆదివారం మా వంటిల్లు నా చేతిలోకి వచ్చింది. ఒక వారం మెక్సికో, ఒక వారం థాయ్‌లాండ్, ఒక వారం జపాన్. జపాన్ వాళ్ళు అన్నాన్ని సముద్రపు నాచులో చుడతారు. రావులపాలెంలో నాచు ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? అరిటాకైతే కావలసినంత. అందులో చుట్టాను. మా అమ్మాయి ఆకుతో సహా నమిలేసి, "నాన్నా, జపాన్‌లో దీన్ని ఎలా మింగుతారు?" అని అడిగింది. హంగేరీ ఆదివారం నాడైతే తల్లీకూతుళ్ళిద్దరూ నాకు చెప్పకుండా పక్కింట్లో భోంచేసి వచ్చారు.

అక్కడితో ఆగి ఉండేవాణ్ణి. ఆగనివ్వనిది మా వీధివాళ్ళ మర్యాద. వండిన ప్రతిదీ గిన్నెల్లో పెట్టి నాలుగిళ్ళకీ పంపేవాణ్ణి. సాయంత్రానికి గిన్నెలు కడిగి తెచ్చి ఇస్తూ, "చాలా బాగుందండి మాస్టారూ! ఆయ్, ఇలాంటిది మా జన్మలో తినలేదండి" అనేవారు. ఎదుటివాడి వంట బాగాలేదని మొహం మీద చెప్పడం మా వైపు చెయ్యి చేసుకోవడంతో సమానం. ఆ సంగతి పుట్టినప్పటి నుంచి తెలిసి కూడా వాళ్ళ మాట నమ్మానే, అదీ నా తెలివి! అయినా అడుగుతాను. ఒక్కడంటే ఒక్కడు, "మాస్టారూ, నోట్లో పెట్టలేకపోయామండి" అని ఉంటే ఇంత దూరం వచ్చేదా?

వచ్చింది. కార్తీకమాసం వచ్చింది, వనభోజనాల మీటింగు వచ్చింది. మా వీధిలో మీటింగంటే రామలక్ష్మి మామ్మగారి అరుగు మీదే. ఎనభై దాటిన మనిషి. ఆవిడ ఊఁ అంటే వీధి ఊఁ అంటుంది. నెల్లాళ్ళూ ఒంటిపూట భోజనం, ఉల్లి వెల్లుల్లి ముట్టదు. అందరూ పప్పెంత, కూరలేంటి అని మాట్లాడుతుంటే నేను లేచి నిలబడ్డాను.

"ఈసారి అన్నం సంగతి నాకొదిలెయ్యండి. రిసొట్టో చేస్తాను. ఇటలీ వంట."

"అంటే ఏంటి నాయనా?" అంది మామ్మగారు.

"అన్నమేనండి మామ్మగారూ. కాకపోతే నీళ్ళన్నీ ఒక్కసారి పొయ్యరు. కూరగాయలు ఉడికించిన నీళ్ళు గరిటెడు పొయ్యడం, కలపడం, మళ్ళీ గరిటెడు పొయ్యడం, కలపడం."

"అయ్యో పాపం, వాళ్ళకి ఎసరు పెట్టడం రాదా?"

అందరూ నవ్వారు. నేను పళ్ళు కొరుక్కుని, వెన్న గురించీ చీజు గురించీ వివరించాను. "ఉల్లీ వెల్లుల్లీ ఉండవు కదా?" అంది ఆవిడ. "అబ్బే, ఉండవండి" అన్నాను. ఆ క్షణానికి అది నిజమే.

అరుగు కింద సూర్రావుగారు కూర్చుని ఉన్నాడు. మా వీధిలో ఏ శుభకార్యమైనా వంట ఆయనదే. భుజం మీద తుండు, బుగ్గలో కిళ్ళీ.

"అయితే నేను అన్నం వండొద్దాండీ మాస్టారూ?"

"వద్దు సూర్రావుగారూ."

"కొద్దిగా... ఓ అయిదు కిలోలైనా?"

"ఒక్క మెతుకు కూడా వద్దు. పక్కన తెల్లన్నం కనబడితే దీని మొహం ఎవరు చూస్తారండీ?"

"ఆయ్. అలాగేనండి" అన్నాడు. ఆ "ఆయ్" అన్న తీరు నాకిప్పటికీ చెవిలో గుచ్చుకుంటూనే ఉంది. వారించి ఉండొచ్చు కదా! ముప్ఫై ఏళ్ళ అనుభవం పెట్టుకుని "అలాగేనండి" అంటాడా?

ఇంటికొచ్చాక మా ఆవిడ పద్మ తలుపు దగ్గరే నిలబెట్టింది. "మీ రిసొట్టో తిని ఒక్కరు, ఒకే ఒక్కరు, రెండోసారి అడిగి వేయించుకుంటే ఆదివారం వంటిల్లు జీవితాంతం మీదే. అడగలేదనుకోండి, మళ్ళీ పొయ్యి వెలిగించకూడదు. సరేనా?"

"సరే!" అన్నాను. మీకు తెలియదు, వారమంతా ఎవరి పిల్లలకో నదుల పేర్లు వల్లె వేయించే మనిషికి ఆదివారం ఆ వంటిల్లే లోకం. అది పోతే నాకు మిగిలేది పేపర్లు దిద్దుకోవడమే.

రిసొట్టో బియ్యం మన ఊళ్ళో దొరకవు. అన్నం చిక్కగా జారుగా రావాలంటే కొత్త బియ్యమే మేలని నా బుర్ర చెప్పింది. "కొత్త బియ్యమాండీ? ముద్దయిపోద్దండి!" అన్నాడు కొట్టతను. "అదే కావాలి" అన్నాను దర్జాగా.

ఇక అసలు నేరం. వీడియోలో ఆ ఇటలీ ఆవిడ మొట్టమొదట వేసేది ఉల్లిపాయ. అది లేకపోతే దానికి రుచే లేదని మూడుసార్లు చెప్పింది. ఇంట్లో ఒకసారి ఉల్లి లేకుండా చేసి చూశాను. చప్పగా, జ్వరం పథ్యంలా ఉంది. దాంతో బుద్ధి వంకర తిరిగింది. వనభోజనాల రోజు తెల్లారి, పద్మ స్నానానికి వెళ్ళగానే, రెండు కిలోల ఉల్లిపాయలు సన్నగా తరిగి, వెన్నలో కరిగిపోయేదాకా వేయించి, టిఫిన్ క్యారియర్‌లో సర్దేశాను. కనబడనిది లేనట్టే కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

తోట కాలవగట్టు పక్కన. ఉసిరిచెట్టు కింద ఆడవాళ్ళు పూజ చేసుకుంటున్నారు. సూర్రావుగారు గాడిపొయ్యి మీద ముద్దపప్పు, వంకాయ కూర, పనసపొట్టు కూర, మజ్జిగపులుసు పదకొండుకల్లా దించేసి చెట్టుకి చేరబడ్డాడు. నా క్యారియర్ మూత తీయగానే ఆయన ముక్కు ఒక్కసారి ఎగిరింది.

"అదేంటండీ మాస్టారూ?"

"ఇటలీ మసాలా."

మామ్మగారి వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఆయ్" అన్నాడు. అంతే!

నలుగురికి రిసొట్టో చెయ్యడానికి గరిటె చాలు. అరవై మందికి, పది కిలోల బియ్యానికి, గుండిగలో తెడ్డు వెయ్యాలి. అరగంట కలిపాక చొక్కా విప్పాను. గంట కలిపాక భుజాలు నావి కావనిపించింది. ఆ ఇటలీ ఆవిడ అంత సేపూ నవ్వుతూనే కలిపింది, ఎలా కలిపిందో దేవుడికే తెలియాలి. పైన బియ్యం బియ్యంలాగే ఉంది, అడుగు నుంచి మాడు వాసన మొదలైంది. ఒంటిగంటయింది. ఒక్కొక్కరే వచ్చి తొంగిచూసి వెళుతున్నారు.

"అయిపోవచ్చిందాండీ మాస్టారూ?"

"పది నిమిషాలండి."

"పర్లేదండి, నిదానంగా కానివ్వండి. మాకేం ఆకలిగా లేదండి" అన్నారు, పొద్దున్నుంచీ కాఫీ చుక్క తప్ప ఎరగని జనం. తిట్టండయ్యా! ఆకలేస్తే తిట్టాలి! ఈ మర్యాదే కదా నా కొంప ముంచింది!

సూర్రావుగారు వచ్చి నాలుగు మెతుకులు వేళ్ళ మధ్య నలిపాడు. "పలుకుందండి."

"పలుకుండాలండీ. ఇటలీలో అదే దాని లక్షణం."

"ఆయ్. అడుగంటడం కూడా లక్షణమేనాండీ?"

ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. బిందె ఎత్తి నీళ్ళన్నీ ఒక్కసారే కుమ్మరించాను. చీజంతా పడేశాను. కొత్త బియ్యం కదా, పావుగంటలో ఒక్క మెతుకు మిగలకుండా కలిసిపోయి గడ్డకట్టింది. అలిసిపోయి తెడ్డు వదిలేశాను. తెడ్డు పడలేదు. గుండిగ మధ్యలో నిటారుగా నిలబడింది.

అవతల విస్తళ్ళు వేసేశారు. పప్పు వడ్డించారు, కూరలు వడ్డించారు. తర్వాత వడ్డించేవాళ్ళు నా వైపు చూశారు. అరవై మంది నా వైపు చూశారు. టైము రెండున్నర. వంకాయ కూర పక్కన ఖాళీగా ఉన్న ఆకు మీద చెయ్యి పెట్టుకుని మామ్మగారు నెమ్మదిగా అడిగింది. "అన్నం ఏది నాయనా?"

నిజం చెబుతున్నాను, ఆ మాట వినగానే నాకు భూమిలోకి వెళ్ళిపోవాలనిపించింది. ఊరి చుట్టూ వరిచేలే. అలాంటి చోట ముసలావిడ చేత అన్నం ఏదని అడిగించాను. చాలా సిగ్గేసింది.

అప్పుడు లేచాడు సూర్రావు. కిళ్ళీ ఉమ్మేసి, చేతులు కడుక్కుని, "మాస్టారూ, ఓ రెండడుగులు పక్కకి జరుగుతారాండీ?" అన్నాడు. మాడిన అడుగు వదిలేసి పైదంతా బేసిన్లలోకి తోడించాడు. మజ్జిగపులుసు చెయ్యగా మిగిలిన పెరుగంతా గుమ్మరించి, పాలు పోసి పిసికాడు. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, తాలింపు. దాని మీద ఇంగువ, దోసిళ్ళతో కొట్టినంత పని చేశాడు. మూడు కాకముందే బకెట్లు వరసల్లోకి వెళ్ళిపోయాయి.

మొదటి ముద్ద అందరూ అనుమానంగానే నోట్లో పెట్టుకున్నారు. రెండో ముద్దకి, "దద్దోజనం అదిరిందయ్యా సూర్రావూ! ఇటు ఇంకాస్త పట్రా!" అని ఒక కేక. ఆ తర్వాత తోటంతా కేకలే. రెండోసారి వేయించుకున్నవాళ్ళు కాదు, మూడోసారి వేయించుకున్నవాళ్ళున్నారు. మామ్మగారు కూడా మూడుసార్లు వేయించుకుంది!

నేను పరుగున పద్మ దగ్గరికి వెళ్ళాను. "చూశావా! రెండోసారి అడిగారా లేదా? వంటిల్లు నాది!"

"అది సూర్రావుగారి దద్దోజనమండీ. మీ రిసొట్టోని ఎవరడిగారు?"

"అన్యాయం! అందులో బియ్యం నాది, వెన్న నాది, రెండు గంటల చాకిరీ నాది! ఆయన చేసిందల్లా పెరుగు పొయ్యడమే!"

"ఏంటి గొడవ?" అంది మామ్మగారు.

"ఏంలేదు మామ్మగారూ. ఆ దద్దోజనంలో రుచంతా తనదేనంటున్నారు ఈయన" అంది పద్మ.

"అలాగా! అయితే ఏమేశావో చెప్పు నాయనా, మా కోడలు నేర్చుకుంటుంది."

అరవై తలలు ఇటు తిరిగాయి. గెలుపు నా నాలుక చివర ఉంది. "కొత్త బియ్యమండి" అన్నాను. "ఊఁ" అంది. "వెన్నండి." "ఊఁ." "మిరియాలు, చీజు..."

"అది కాదు నాయనా. కమ్మగా, కాస్త తియ్యగా ఏదో తగుల్తోంది. ఇన్నేళ్ళలో ఏ దద్దోజనంలోనూ ఎరగను. దాని కోసమే మూడోసారి వేయించుకున్నాను. అదేంటి?"

సూర్రావు కొబ్బరిగెలలు లెక్కపెడుతున్నట్టు పైకి చూశాడు. పద్మ పెదవులు బిగించి నవ్వు ఆపుకుంటోంది. చెత్తబుట్టలో ఉల్లిపొట్టు ఆవిడ పొద్దున్నే చూసిందని తర్వాత తెలిసింది. అంటే తెలిసే అడిగించింది! మామ్మగారు పెరుగంటిన చెయ్యి విస్తట్లో ఆపి, నా జవాబు కోసం చూస్తోంది.

"అదీ... సూర్రావుగారి చేతి మహిమండి మామ్మగారూ" అన్నాను. "నాదేం లేదండి. మొత్తం ఆయన దద్దోజనమేనండి."

అలా నా నోటితో నేనే వంటిల్లు వదులుకున్నాను. గుండిగలు తోముతుంటే సూర్రావు నా చెవిలో, "ఇంగువ రెండింతలు వేశానండి మాస్టారూ. ఎందుకేశానో మీకు తెలుసు, నాకు తెలుసు. ఆయ్" అన్నాడు. ఆ తర్వాత నెల తిరక్కుండా ఆయన మెనూ కార్డులో కొత్త ఐటెం వెలిసింది, 'ఇటలీ దద్దోజనం' అని! కొత్తపేటలో పెళ్ళికి అదే, తణుకులో గృహప్రవేశానికి అదే. నా చెమటా, నా భుజాల నొప్పీ ఊరూరా వడ్డిస్తున్నాడు, నేను నోరెత్తడానికి లేదు! ఇంత దోపిడీ ఎక్కడైనా ఉందా?

కిందటేడు మామ్మగారి మనవడి పెళ్ళిలో నా విస్తట్లోనూ అది పడింది. పక్కనే కూర్చున్న మామ్మగారు ఓ ముద్ద తిని, పెదవి విరిచింది. "బానే ఉంది గానీ సూర్రావూ, ఆవేళ తోటలో తిన్న రుచి రాలేదయ్యా. ఏదో తగ్గింది."

సూర్రావు బకెట్టు దించి, చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా అన్నాడు. "ఆయ్, నిజమేనండి. అదేంటో మాస్టారికే తెలుసండి. అడగండి."

నాకు అర్జెంటుగా పొలమారింది. మంచినీళ్ళకని లేచి వెళ్ళినవాణ్ణి మళ్ళీ ఆ పంక్తిలోకి రాలేదు.

కాబట్టి, ఇంటిల్లిపాదీ సాక్షిగా, గాడిపొయ్యి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎసరు పెట్టకుండా అన్నం వండను. వంటవాడితో అన్నం వండొద్దని చెప్పను. ఏ దేశపు వంటైనా సరే, "ఏమేశావు నాయనా?" అని మామ్మగారు అడిగితే చివరిదాకా చెప్పలేనిది ఈ జన్మలో ఎవరి విస్తట్లోనూ వడ్డించను.