ఎడ్లు పట్టుకుపోయిన బంపరు

మైసూరు రాష్ట్రం కర్ణాటక అయిన కొత్తలో, బీదర్ ఆఫీసుల బోర్డుల మీద కొత్త పేరు రాసిన రంగు ఇంకా మెరుస్తున్న రోజుల్లో, నా పరువు ఒక పెసర చేను మధ్యలో పోయింది. దాన్ని మళ్లీ ఎలా తెచ్చుకున్నానో చెబుతాను. ఈ విషయంలో అణకువ నాకు లేదు, ఉండాలని కూడా అనుకోను.

తొమ్మిదేళ్లు బీదర్ ధాన్యం బజారు గంజ్‌లోని ఒక సావుకారు దగ్గర లారీ నడిపాను. తర్వాత మిలిటరీవాళ్లు వేలంలో అమ్మేసిన పాత జీపొకటి, వెనక తగిలించే ట్రాలీతో సహా కొని, చిద్రిలో మా ఇంటి ముందు నిలబెట్టాను. సావుకారు తిట్టి పంపినా బాగుండేది. ఆయన నవ్వాడు.

"పో, పోయి చూడు. వానలు పడ్డంక మళ్ల నా దగ్గరికే వస్తవు. నీ జాగ ఖాలీగనే ఉంచుత" అన్నాడు.

ఆ మాట నా చెవిలో జోరీగలా ఉండిపోయింది. ఇంకొకరి స్టీరింగు మళ్లీ పట్టుకోకూడదు. నాకు కావలసింది అదొక్కటే.

జీపు కొన్నది కరువు ఏడాది. వాగులు ఎండి, నేల రాయిలా ఉంది. నా జీపు పోని పల్లె లేదు. బండి గొప్పదనీ, తోలేవాడు ఇంకా గొప్పవాడనీ నేనే అందరికీ చెప్పుకున్నాను. నేల అంత గట్టిగా ఉంటే ముసలి గాడిద కూడా పరుగెత్తుతుందన్న సంగతి నాకు తట్టలేదు.

మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి. చిట్గుప్ప వైపు ఒక పల్లెకు పోతుంటే నల్లరేగడిలో జీపు ఇరుసుదాకా దిగబడింది. పక్క చేలోని రైతు ఎడ్లజతను తోలుకొచ్చాడు. మా వైపు దిగబడిన బండిని ఎడ్లతో లాగిస్తే ఎవరూ కూలి అడగరు. తర్వాత నవ్వుకునే హక్కు మాత్రం ఎవరూ వదులుకోరు. నేను లారీ అలవాటు కొద్దీ మోకును ముందు బంపరుకు కట్టి, "అదిలించు" అన్నాను.

ఎడ్లు పోయాయి. జీపు పోలేదు. బంపరు ఊడి ఎడ్ల వెనక గలగలమంటుంటే అవి బెదిరి, పెసర చేను అడ్డంగా తొక్కి, నేరుగా ఇల్లు చేరాయి. చేలో ఉన్న ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకొని కూలబడ్డారు.

ఆ రైతు బంపరు తిరిగి ఇవ్వలేదు. పశువుల దొడ్డి వాకిట్లో అడ్డకర్రగా పెట్టుకున్నాడు. నేను ఆ దారిన పోయినప్పుడల్లా కేకేసేవాడు.

"మామా, నీ జీపు ముక్కు మా దొడ్ల భద్రంగున్నది! ఎప్పుడు తీస్కపోతవ్?"

అలాంటి రోజుల్లోనే సావుకారు కబురు పంపి పిలిపించాడు. పెసలు చేతికొచ్చే కాలం. వానల్లో లారీ ఆ పల్లెలకు పోదు. నా జీపూ దాని వెనకుండే ట్రాలీ పోగలిగితే సీజనంతా పని నాదే. "ముందుగాల ఒకపారి నేనే కూసోని వస్త. నడిమిట్ల దిగబడ్డదా, లారీ తాళం ఆ గోడ మేకుకే ఉన్నది" అన్నాడు.

హుమ్నాబాద్‌లో లారీల పని చేసే ఒక ముసలి మిస్త్రీ ఉండేవాడు. నేనూ నా భార్యా జీపెక్కి ఆయన దగ్గరికి పోయాం. ఆయన రెండు బంపర్లు చూపించాడు. ఒకటి మామూలుది. రెండోది లావుపాటి ఇనుప చానలుతో చేసింది, ముందు రెండు కొక్కేలు, ధర మొదటిదానికి మూడింతలు. మా దగ్గర ఉన్న డబ్బంతా జీపుకు కొత్త గుడ్డ టాపు కుట్టించడానికి దాచుకున్నది. పాతది జల్లెడ అయిపోయింది. పెద్ద బంపరు కొంటే టాపు లేదు.

"చిన్నది చాల్తది" అన్నాను. "ఇంత బరువు పెడితే జీపు మూతి నేలకు ఆన్తది."

"ఆన్తది భాయ్" అని మిస్త్రీ ఒప్పుకున్నాడు. "అందుకే ముందటి స్ప్రింగు కమాను పట్టీలకు ఇంకో ఆకు ఎక్కిస్త. దానికి పైస తీస్కోను."

నా భార్య మా మాటలు వినడం లేదు. సంతలో కుండ కొనేటప్పుడు చేసినట్టు, ఒక గులకరాయి తీసుకొని రెండు బంపర్లనూ టకటక కొట్టి చెవి పెట్టి విన్నది. తర్వాత కొంగు నడుముకు చెక్కి, వంగి వాటి వెనక వైపు చూసింది. అక్కడున్న మనుషులు పని ఆపి ఆమెనే చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఏమయ్యా, ఆనాడు ఎడ్లు గుంజుకపోయిన బంపరు ఇరిగిందా?" అని అడిగింది.

"ఇరగలేదు. ఇప్పుడు దొడ్డికి అడ్డం ఉన్నది గద."

"మరి ఊడింది ఏంది?"

"బోల్టులు."

"ఈ చిన్నదానికి గూడ గవే రెండు బోల్టులు. పెద్దదాన్ని చూడు, ఎనకకు రెండు చేతులు చాపి బండి ఎముకనే పట్టుకుంటాంది."

నిజమే. పెద్ద బంపరుకు రెండు వైపులా మూరెడు పట్టీలు ఉన్నాయి. అవి చాసీ పొడవునా ఆనుకొని, ఒక్కోదానికి నాలుగేసి బోల్టులు ఇటునుంచి అటు దిగుతాయి. తొమ్మిదేళ్లు లారీ తోలినవాణ్ని, నాకు కనిపించింది ఇనుము మందం ఒక్కటే. సిగ్గుపడ్డాను. ఆమెను చూసి గర్వపడ్డాను కూడా, కానీ అప్పుడు పైకి అనలేదు.

"మరి టాపు?" అన్నాను.

"తడిస్తే ఆరుతం. కూరుకపోతే ఏం జేస్తం?"

మిస్త్రీ పకపకా నవ్వి, మాట మార్చుకునే సందు నాకివ్వకుండా పనివాణ్ని పిలిచి బిగించమన్నాడు. ఇంటికొచ్చాక నా భార్య బంపరుకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కూడా దాని మీదే కొట్టింది. ఒక్క దెబ్బకు పగిలింది.

సావుకారు ఎక్కిన రోజు పొద్దున్నుంచే ముసురు. చిల్లుల టాపులోంచి నీళ్లు సరిగ్గా ఆయన టోపీ మీదే పడుతున్నాయి. వాగు దగ్గరికొచ్చేసరికి దారికి అడ్డంగా ఒక ఎడ్లబండి. వాగు దాటి మా వైపు గడ్డ ఎక్కుతూ, ఇరుసు కుండ దాకా చక్రం దిగబడిపోయింది. బండి నిండా పెసల బస్తాలు. ఎడ్లు మోకాళ్ల మీద పడ్డాయి. వాటి పక్కన నిలబడినవాడు నా బంపరును దొడ్డికి పెట్టుకున్న రైతే. ఎగువన మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది, వాగు నీళ్లు అప్పటికే బురద రంగు తిరిగాయి.

అతను నన్ను చూశాడు. నవ్వలేదు. "మామా, ఏడాది పంట" అన్నాడు.

ఎడ్లను విప్పించి, జీపు వెనక ట్రాలీని ఊడదీసి పక్కకు నెట్టించాను. మోకు ఒక కొస బండి ఇరుసుకు, రెండో కొస నా కొక్కేలకు. నాలుగు చక్రాల గేరు వేసి జీపును వెనక్కి తీశాను. మోకు బిగిసింది. జీపు ముక్కు వణికింది. మళ్లీ ఊడితే, ఈసారి సావుకారు కళ్లముందే. బంపరు వెంట్రుకవాసి కదల్లేదు. బండి ఒక్కసారి మూలిగి, బురద విదిలించుకొని, నింపాదిగా గడ్డెక్కింది. ఒక్క బస్తా తడవలేదు. నేను స్టీరింగు మీద గుద్ది పిచ్చివాడిలా అరిచాను.

రైతు వచ్చి కొక్కేన్ని తడిమి చూశాడు. "మామా, రేపు నీ పాత బంపరు తెచ్చిస్త" అన్నాడు.

"వద్దల్లుడా, నీ దొడ్లనే ఉండనియ్. గిప్పుడు నేను నవ్వాలె గద" అన్నాను. అప్పుడు ఇద్దరం నవ్వాం.

ఆ రోజు వాగు దాటి ట్రాలీ నింపుకొని, ఎక్కడా ఆగకుండా బీదర్ చేరాం. గంజ్ ముందు సావుకారు దిగి, టోపీ పిండుకొని, చాలాసేపు బంపరును చూశాడు. మెచ్చుకుంటాడేమోనని ఎదురుచూశాను. ఆయన లోపలికి పోతూ గుమాస్తాకు చెప్పాడు.

"ఆ లారీకి ఇంకో డ్రైవర్ను చూడు. ఈడు ఇగ రాడు."